మాత్రలు దాచిన అమ్మాయిని ఏమని అడగాలి?

ప్రశ్న: మా అక్క, బావ ఇద్దరూ చనిపోయారు. వాళ్ల కూతురు నా దగ్గరే పెరుగుతోంది. ఇప్పుడు 15 ఏళ్లు. పుట్టుకతోనే హెచ్ఐవీ ఉంది. చిన్నప్పటి నుంచి నేనే దగ్గరుండి మందులు వేశాను, ఒక్కరోజు కూడా తప్పలేదు. 12వ ఏట డాక్టరుగారూ నేనూ కూర్చోబెట్టి విషయం చెప్పాం. ఏడ్చింది, తర్వాత మామూలుగానే ఉంది. నిరుడు పరీక్షలో వైరస్ కనబడలేదన్నారు. పెద్దదైంది కదా అని అప్పుడే మందుల డబ్బా తన చేతికి ఇచ్చేశాను. ఈసారి వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే అంకె, 18 వేలు వచ్చింది. ఇల్లు సర్దుతుంటే పాత పుస్తకాల సంచి అడుగున బోలెడు మాత్రలు దొరికాయి. రోజూ అడిగితే "వేసుకున్నా పిన్నీ" అనే చెప్పింది. కోపం పట్టలేక గట్టిగా అరిచాను. "ఎవరి కోసం వేసుకోవాలి?" అంది. మా వారికి తప్ప ఇంట్లో ఎవరికీ విషయం తెలియదు. నా పిల్లలకు అవి బలం మాత్రలని చెప్పాం. ఇక నుంచి ఎదురుగా నిలబడి మింగించి, నోరు తెరిపించి చూడాలా? ఇంత చదువుకుంటున్న పిల్లకు మందు మానేస్తే ఏమవుతుందో తెలియదా?
– ఒక పిన్ని

సమాధానం:

అమ్మా, మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మందు మానేస్తే ఏమవుతుందో మీ అమ్మాయికి తెలుసు. అమ్మనీ నాన్ననీ పోగొట్టుకున్న పిల్లకు ఆ సంగతి మనం కొత్తగా చెప్పనక్కర్లేదు. అందుకే ఇంకా భయపెట్టి లాభం లేదు. రోజూ ఆ మాత్ర చేతిలోకి తీసుకున్నప్పుడు ఏదో అడ్డొస్తోంది. అదేమిటో ఆమెను ఎవరూ అడిగి ఉండరు. అడిగినా, తిట్లు పడకుండా నిజం చెప్పే వీలు ఆమెకు కనబడి ఉండదు. మీరు ముందుగా మార్చాల్సింది దాన్నే.

దానికంటే ముందు ఆ 18 వేల సంగతి, ఎందుకంటే ఆ అంకె చూసి మీకు నిద్ర పట్టడం లేదని ఉత్తరం చదువుతుంటేనే తెలుస్తోంది. మందులు ఆపేస్తే చాలామందిలో కొద్ది వారాల్లోనే వైరస్ మళ్లీ పెరుగుతుంది. మళ్లీ సరిగ్గా వేసుకుంటే తగ్గుతుంది కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ప్రకారం ఒక మిల్లీలీటరు రక్తంలో 1000 వైరస్ కాపీలు దాటితే సాధారణంగా వెంటనే మందు మార్చేయరు. ముందు కౌన్సెలింగ్ చేస్తారు, దాదాపు మూడు నెలలు సక్రమంగా వేసుకున్నాక మళ్లీ పరీక్ష చేస్తారు. మీ ఇంట్లో కారణం సంచి అడుగున కనబడింది కాబట్టి ఇది చెయ్యి దాటిపోయిన పరిస్థితి కాదు.

ఆమె వాడుతున్న మాత్రలో డోలుటెగ్రావిర్ ఉంటే ఇంకొంచెం ధైర్యంగా ఉండొచ్చు. 2019 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి ఎంపికగా చెబుతున్నది దాన్నే. వైరస్ దానికి అంత తేలిగ్గా అలవాటు పడదు. అంతకుముందు ఎక్కువగా వాడిన ఎఫావిరెంజ్, నెవిరాపిన్ లాంటి మందులైతే వైరస్ జన్యువులో ఒక్క మార్పు వచ్చినా పనికిరాకుండా పోయేవి. అలాగని వేసుకుంటూ మానుతూ ఉండటం ఏ మందుతోనూ మంచిది కాదు.

దొరికిన మాత్రలు పారేయకండి. అవి చూస్తే ఎంతకాలంగా మానేసిందో డాక్టరుకు సుమారుగా తెలుస్తుంది. రోగనిరోధక శక్తి ఎంత ఉందో చూసే సీడీ4 పరీక్ష చేయించాలా, క్షయ లాంటివి ఏమైనా లోపల మొదలయ్యాయా అన్నది దాన్ని బట్టి చూస్తారు. కానీ అమ్మాయికి చెప్పి, ఆమె సరేనన్నాకే పట్టుకెళ్లండి. ఆమెకు తెలియకుండా డాక్టరు బల్ల మీద కుమ్మరిస్తే మళ్లీ మీ మాట వినదు. జ్వరం, వదలని దగ్గు, బరువు తగ్గడం, తీవ్రమైన తలనొప్పి ఉంటే మాత్రం ఏ సంప్రదింపులూ అక్కర్లేదు, అదే రోజు తీసుకెళ్లండి.

ఇప్పుడు అసలు విషయం. ప్రపంచంలో 10 నుంచి 19 ఏళ్ల మధ్య వయసున్న సుమారు 15 లక్షల మంది హెచ్ఐవీతో జీవిస్తున్నారు. చాలా దేశాల్లో పెద్దవాళ్లతో పోలిస్తే ఈ వయసువాళ్లే మందులు ఎక్కువగా మధ్యలో వదిలేస్తున్నారు. మీ పెంపకంలో లోపం వల్ల ఇది జరిగిందని మీరు అనుకుంటుంటే, దయచేసి ఆ మాట మనసులోంచి తీసేయండి. ముందుచూపుకు, తొందరపాటును ఆపుకోవడానికి పనికొచ్చే మెదడు భాగం 20 ఏళ్లు దాటాక గానీ పూర్తిగా ఎదగదని శాస్త్రజ్ఞులు చెబుతారు. అది నిజమే. కానీ పెద్దవాళ్లం ఆ ఒక్క కారణాన్నే పట్టుకుని కూర్చుంటామని నాకు అనిపిస్తుంది. వయసు మీదకు నెట్టేస్తే మనం మార్చుకోవాల్సింది ఏమీ ఉండదు కదా. ఈ పిల్లలతో మాట్లాడితే వినిపించేవి వేరే కారణాలు.

మొదటిది, ఈ మందు వేసుకుంటే కనబడే ఫలితం ఏమీ ఉండదు. జ్వరం మాత్ర వేసుకుంటే జ్వరం తగ్గుతుంది, తలనొప్పి మాత్ర వేసుకుంటే నొప్పి పోతుంది. ఈ మాత్ర వేసుకున్న రోజూ అలాగే ఉంటుంది, మానేసిన రోజూ అలాగే ఉంటుంది. ఒకరోజు మానేసి చూస్తారు, ఏమీ కాదు. వారం మానేస్తారు, ఇంకా హాయిగా ఉంటుంది, ఎందుకంటే ఆ వారం తాను అందరిలాంటి పిల్లే. చాలామంది ఇలాగే మొదలుపెడతారు. చనిపోవాలనో, పెద్దవాళ్లను ఎదిరించాలనో కాదు. మందు లేని మనిషిగా కొన్నాళ్లు ఉండి చూడాలని.

పైగా కొందరికి మందు వేసుకుంటేనే ఇబ్బంది. డోలుటెగ్రావిర్‌తో కొందరికి తలనొప్పి వస్తుంది, నిద్ర సరిగ్గా పట్టదు, బరువు పెరుగుతారు. ఎఫావిరెంజ్‌తో తల తిరగడం, పిచ్చి పిచ్చి కలలు. 15 ఏళ్ల ఆడపిల్ల బరువు పెరిగితే దాన్ని ఎంత పెద్ద విషయంగా తీసుకుంటుందో మీకు నేను చెప్పాలా? దానికోసమే మందు మానేసినా ఆ మాట మీతో అనదు, సిగ్గుపడుతుంది. కాబట్టి "మందు వేసుకున్నాక ఒంట్లో ఎలా ఉంటోంది, ఏదైనా నచ్చడం లేదా" అని మీరే అడగాలి. ఇబ్బంది ఉంటే డాక్టరుతో మాట్లాడి వేసుకునే వేళ మార్చుకోవచ్చు, అవసరమైతే మందే మార్చుకోవచ్చు.

రెండోది దాపరికం. ఇక్కడ మీకు కొంచెం కష్టంగా అనిపించే మాట చెప్పాలి. మీ పిల్లలకు అవి బలం మాత్రలని చెప్పారు. ఎందుకు చెప్పారో నాకు అర్థమైంది. పసిపిల్లలు బయట ఎక్కడ నోరు జారతారో, అమ్మాయిని ఎవరు ఏమంటారో అనే భయం. ఆ భయం ఉత్తది కాదు. కానీ ఆమె వైపు నుంచి ఒక రోజు ఎలా గడుస్తుందో చూడండి. గదిలో చెల్లెళ్లో తమ్ముళ్లో ఉంటే వాళ్లు బయటికి వెళ్లేదాకా ఆగాలి. ఆగితే మరిచిపోతుంది. డబ్బా కదిలితే లోపల మాత్రల చప్పుడు. స్నేహితురాలి ఇంట్లో రాత్రి ఉండాల్సి వస్తే, బడి వాళ్లు ఎక్కడికైనా తీసుకెళితే, మాత్ర పట్టుకెళ్లి ఎవరైనా చూస్తే ఏం చెప్పాలో ముందే అబద్ధం సిద్ధం చేసుకోవాలి. అంత టెన్షన్ కంటే ఆ రోజుకు మానేయడమే తేలిక అనిపిస్తుంది. ఒక రోజు రెండు రోజులవుతుంది. ఈ మాత్రల గురించి ఎవరికీ నిజం చెప్పకూడదని ఏళ్ల తరబడి మనమే నేర్పాం. ఆ పాఠం ఆమె బాగా నేర్చుకుంది, చివరికి మీ దగ్గర కూడా దాచింది. దీన్ని మోసం అనుకోకండి.

మూడోది, "ఎవరి కోసం వేసుకోవాలి" అన్న మాట. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపేసిన మాట అదే. మీకది ఎదురుసమాధానంలా వినిపించి ఉంటుంది. నాకు మాత్రం ఆ పిల్ల నిజంగానే అడుగుతోందని అనిపిస్తోంది. 12 ఏళ్లప్పుడు మీరు విషయం చెప్పారు, మంచిపని చేశారు. బడి వయసు పిల్లలకు వాళ్ల స్థితిని కొంచెం కొంచెంగా, వయసుకు తగ్గట్టు చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే సూచించింది. అయితే అది ఒక్కసారి చెప్పేస్తే అయిపోయేది కాదు. 12 ఏళ్లప్పుడు ఆమె విన్నది ఒక జబ్బు పేరు. 15 ఏళ్లకు అదే మాటకు వేరే అర్థాలు వస్తాయి. ఇది అమ్మ నుంచి వచ్చింది, అమ్మకు ఎలా వచ్చింది, నన్ను ఎవరైనా ఇష్టపడతారా, పెళ్లవుతుందా, పిల్లలు పుడితే వాళ్లకూ ఇదేనా. అమ్మ మీద కోపం వస్తుంది. చనిపోయిన అమ్మ మీద కోపం వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేస్తుంది. ఆ మాత్ర ఇవన్నీ రోజుకొకసారి గుర్తుచేస్తుంది. ఇంట్లో మీ అక్క గురించి ఎంత మాట్లాడుకుంటారో నాకు తెలియదు. జబ్బు వల్ల మాట్లాడటమే మానేసి ఉంటే మళ్లీ మొదలుపెట్టండి. ఆమె ఎలా నవ్వేదో, కూతురిని చూసుకుని ఎంత మురిసిపోయేదో చెప్పండి. అమ్మాయి కోపంగా ఏదైనా అంటే అననివ్వండి. అక్క తరఫున మీరు వాదించకండి.

పెళ్లి, పిల్లల గురించిన ప్రశ్నలకు ఇప్పుడు మంచి జవాబులున్నాయి, అవి ఆమెకు ఎవరో ఒకరు చెప్పి తీరాలి. మందులు సరిగ్గా వేసుకుంటూ, పరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గిన మనిషి నుంచి లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి హెచ్ఐవీ సోకదు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయాన్ని సూటిగా ప్రకటించింది. గర్భం రాకముందు నుంచే మందుల మీద ఉండి వైరస్‌ను అదుపులో పెట్టుకున్న తల్లి నుంచి బిడ్డకు సోకడం చాలా అరుదు. ఆమెకు చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అన్నీ ఉండొచ్చు. ఇది మీరు ఉపన్యాసంలా చెబితే చెవికెక్కదు. కౌన్సెలర్ చెబితే కొంచెం నయం. అలా బతుకుతున్న మరో అమ్మాయి చెబితే నమ్ముతుంది.

జింబాబ్వేలో 2004లో మొదలైన జ్వాందిరి అనే కార్యక్రమం పట్టుకున్నది సరిగ్గా ఈ విషయాన్నే. హెచ్ఐవీ ఉన్న 18 నుంచి 24 ఏళ్ల యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, అదే పరిస్థితిలో ఉన్న చిన్నవాళ్లకు తోడుగా పెట్టారు. ఇంటికి వెళ్లి మాట్లాడతారు, ఫోన్లో పలకరిస్తారు, మందులు ఎందుకు తప్పుతున్నాయో వాళ్ల భాషలోనే అడుగుతారు. అక్కడ జరిపిన అధ్యయనం ఫలితాలు 2020లో వచ్చాయి. మామూలు వైద్యం మాత్రమే అందిన పిల్లలతో పోలిస్తే, ఈ తోడు కూడా దొరికిన పిల్లల్లో వైరస్ అదుపు తప్పడం గానీ మరణం గానీ స్పష్టంగా తక్కువ. మందు ఒకటే, డాక్టర్లూ మారలేదు. మీరు వెళ్లే ఏఆర్‌టీ కేంద్రంలో, అంటే హెచ్ఐవీ మందులు ఇచ్చే చోట, ఇలాంటి టీనేజ్ పిల్లల బృందం ఉందేమో తప్పకుండా అడగండి. లేకపోతే కౌన్సెలరునైనా, మందులు బాగా వాడుతున్న కొంచెం పెద్ద వయసు అమ్మాయి ఎవరైనా ఇష్టపడితే ఒకసారి కలపగలరా అని అడగండి. నా మట్టుకు నేను, మీరు చేయగలిగిన పనులన్నిటిలో దీనికే ఎక్కువ విలువిస్తాను.

ఒక విషయం మాత్రం ఆలస్యం చేయకూడదు. "ఎవరి కోసం" అన్న మాట వెనక కుంగుబాటు కూడా ఉండొచ్చు. సరిగ్గా తినడం లేదా, ఇష్టమైన పనులు మానేసిందా, స్నేహితులకు దూరంగా ఉంటోందా, రాత్రుళ్లు మేలుకుని ఉంటోందా గమనించండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు, అలా జరగదు. అవునంటే ఆమెను ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కుంగుబాటుకు చికిత్స అందకుండా మందుల క్రమశిక్షణ గురించి ఎంత చెప్పినా నిలవదు.

ఇక మీరు ఆమెతో ఎలా మాట్లాడాలి? అరిచినందుకు ముందు బాధపడుతున్నానని చెప్పండి. "నాకు భయమేసింది, అందుకే అరిచాను" అంటే చాలు. ఆ తర్వాత "వేసుకున్నావా?" అనే ప్రశ్న మానేయండి. దానికి అవునన్న జవాబు ఒక్కటే సురక్షితమని ఆమెకు తెలుసు. దాని బదులు "ఈ వారం ఎన్ని రోజులు కుదరలేదు?" అని అడగండి. తప్పడం మామూలేనని ఆ ప్రశ్నలోనే ఉంది కాబట్టి నిజం చెప్పడం తేలికవుతుంది. మొదటిసారి "నాలుగు రోజులు" అని చెప్పినప్పుడు మీ ముఖం ఎలా ఉంటుందన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ఆ క్షణంలో కోప్పడకండి, ఏడవకండి కూడా. "చెప్పావు, మంచిదయింది. ఆ రోజుల్లో ఏం అడ్డొచ్చింది?" అనండి. ఆమె చెప్పే కారణం మీకు చిన్నదిగా అనిపించినా కొట్టిపారేయకండి.

నోరు తెరిపించి చూడటం వద్దు. నాలుక కింద దాచడం, తర్వాత ఉమ్మేయడం ఈ వయసు పిల్లలకు కష్టమేం కాదు. మీకూ ఆమెకూ మధ్య మిగిలిన నమ్మకం కూడా పోతుంది. అలాగని అంతా ఆమెకే వదిలేయమనడం లేదు. 14 ఏళ్లదాకా మీరే చూసుకుని, ఒక్కసారిగా డబ్బా చేతికిచ్చేశారు. ఈత రాని పిల్లను నడిబావిలో వదిలినట్టయింది. ఇప్పుడు ఒక మెట్టు వెనక్కి వచ్చి కొన్నాళ్లు మళ్లీ కలిసి చేయండి. ఆమె ఒప్పుకుంటే ఆ సమయానికి పక్కన కూర్చోండి, మీరూ ఏదో ఒకటి తాగుతూ మాట్లాడుకోండి. కొన్ని వారాలయ్యాక వారానికి సరిపడా మాత్రలు ఆమె చేతికివ్వండి, వారం చివర ఇద్దరూ కలిసి లెక్క చూసుకోండి. తర్వాత నెలకు. ఎప్పుడు ముందుకు వెళ్లాలో ఆమెనే చెప్పనివ్వండి.

ఏ వేళకు వేసుకోవాలో కూడా ఆమే ఎంచుకోవాలి. చిన్నప్పుడు మీకు వీలైన వేళ పెట్టి ఉంటారు, ఇప్పుడది ఆమె రోజుకు సరిపోకపోవచ్చు. డోలుటెగ్రావిర్ తిన్నాకే వేసుకోవాలన్న నియమం లేదు, ఖాళీ కడుపుతోనైనా ఫర్వాలేదు. చప్పుడు చేసే డబ్బా బదులు రెండు మూడు మాత్రలు పట్టే చిన్న పెట్టె బ్యాగులో ఉంచుకోవచ్చు. ఫోన్ అలారానికి మందు అన్న పేరు లేకుండా ఆమెకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు. వేళ దాటిపోతే ఆ రోజు ఇక వదిలేయాలని చాలామంది అనుకుంటారు. గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. తర్వాతి మాత్ర వేళ దగ్గరపడిపోతే మాత్రం ఆ ఒక్కటి వేసుకుంటే చాలు, రెండు కలిపి వేసుకోకూడదు. ఇంకో మాట, ఐరన్, కాల్షియం మాత్రలు, కడుపులో మంటకు వాడే యాంటాసిడ్లు డోలుటెగ్రావిర్ ఒంటికి పట్టకుండా చేస్తాయి. అలాంటివి ఏవైనా వాడుతుంటే ఎంత ఎడం ఇవ్వాలో డాక్టరును అడగండి.

ఆస్పత్రిలో డాక్టరూ కౌన్సెలరూ ఆమెతో మాట్లాడేటప్పుడు మీరు కాసేపు బయట కూర్చోండి. ఇన్నేళ్లుగా ప్రతి ప్రశ్నకూ మీరే జవాబు చెప్పి ఉంటారు. కొన్ని విషయాలు మీ ముందు చెప్పలేకపోవచ్చు, ప్రేమ గురించి అయితే అసలే చెప్పదు. బడి మానేసి రావాల్సి వస్తోంది, వరుసలో తెలిసినవాళ్లు చూస్తారేమో అన్న భయం కూడా ఉంటే, కొన్ని నెలల మందులు ఒకేసారి ఇవ్వగలరా, వేరే వేళలో రావచ్చా అని అడగండి.

మీ పిల్లలకు చెప్పాలా వద్దా అన్నది అమ్మాయి నిర్ణయం. మీరు చేయాల్సింది ఆ మాట ఆమెను అడగడం వరకే. చెబుతానంటే ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్నది కౌన్సెలరుతో కలిసి మాట్లాడుకోండి. వద్దంటే, రోజూ ఒంటరిగా మాత్ర వేసుకోవడానికి ఒక చోటూ ఒక పావుగంటా ఆమెకు దొరికేలా మీరు, మీవారు చూసుకోండి. మీవారికి విషయం తెలుసు కదా, ఆయన్ను కూడా ఇందులో కలుపుకోండి. ఇన్నేళ్లూ మీరొక్కరే మోసినట్టున్నారు.

రోజూ మాత్ర లేని పద్ధతి ఏదీ లేదా అని ఆమె అడగొచ్చు. ఉంది. కాబోటెగ్రావిర్, రిల్పివిరిన్ అనే రెండు మందుల్ని రెండు నెలలకొకసారి ఇంజెక్షన్‌గా ఇచ్చే చికిత్స వచ్చింది. 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని 12 ఏళ్లు నిండి కనీసం 35 కిలోల బరువున్న పిల్లలకూ అనుమతించింది. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పెద్దలకు, కౌమార వయసువారికి ఒక మార్గంగా సిఫారసు చేసింది. అయితే ముందు మాత్రలతో వైరస్ అదుపులోకి వచ్చి ఉండాలి, హెపటైటిస్ బి ఉండకూడదు. అన్నిచోట్లా దొరకదు కూడా. కాబట్టి ఇది ఇవాళ్టికి పనికిరాదు, కానీ ఈ మూడు నెలలు గట్టెక్కడానికి ఆమెకు ఇదొక కారణం కావొచ్చు.

మూడు నెలల తర్వాత పరీక్ష చేయించినప్పుడు అంకె తగ్గకపోతే వెంటనే మళ్లీ దాచిందని అనుకోకండి. ముందు ఆమె మాట వినండి. నిజంగా వేసుకుంటున్నా తగ్గకపోతే మందుకు వైరస్ లొంగడం లేదేమో తెలుసుకునే పరీక్ష ఉంటుంది, అది చేయించమని అడగండి. అవసరమైతే వేరే మందులున్నాయి. ఆ రిపోర్టు వచ్చిన రోజు డాక్టరుతో ఒక మాట ముందే చెప్పి పెట్టండి: ఫలితం ముందు అమ్మాయికి చెప్పాలి, మీకు ఆమె చెబుతుంది.